సొమ్మసిల్లని ఆరుగురు

ఎవరూ సొమ్మసిల్లనందుకు సంజాయిషీ అడుగుతూ మెమో రాయడం మీరనుకున్నంత తేలిక కాదు. సొమ్మసిల్లినందుకయితే పాత నమూనాలు బోలెడున్నాయి, తేదీ మార్చి పంపేయొచ్చు. సొమ్మసిల్లకపోవడం అనే నేరానికి మా ఆఫీసులో నమూనా లేదు. నేనే తయారు చేశాను. "ఆరుగురు వ్యక్తులు స్పృహ కోల్పోవలసి యుండగా, తగిన కారణము లేకుండానే స్పృహలో ఉండిపోవుటకు మీరు ఎంతవరకు బాధ్యులో మూడు దినములలోగా తెలియజేయవలెను" అని రాశాను. మా డిప్యూటీ డైరెక్టరు వైకుంఠం గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని, "వీరభద్రం, నీ చేతిలో ఏదో ఉందయ్యా" అన్నారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

నేను జిల్లా టీకాల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఈ గొడవంతా ఎలా మొదలయిందో చెబుతాను. ఆ ఏడు ఎక్కడో ఒక బడిలో ధనుర్వాతం టీకా వేయించుకున్న ముగ్గురు ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. ఒక పిల్లకి బెంచీ తగిలి నుదురు చిట్లింది. పేపర్లో వచ్చింది. పేపర్లో వచ్చింది కాబట్టి పైనుంచి మాకు నాలుగు పేజీల మార్గదర్శకాలు వచ్చాయి.

నిజం చెప్పాలంటే అవి మంచి కాగితాలే. టీకా వేశాక కొందరు సొమ్మసిల్లవచ్చనీ, అది మందులో దోషం కాదనీ, సూదిని చూసిన కంగారుకి ఒంట్లో రక్తపు ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడం వల్ల వచ్చేదనీ మొదటి పేజీలో ఉంది. ఎక్కువగా పది నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకీ, అందులోనూ ఆడపిల్లలకీ, ఏమీ తినకుండా వచ్చినవాళ్ళకీ, ఇదివరకెప్పుడైనా అలా పడిపోయినవాళ్ళకీ ఆ ప్రమాదం ఉంటుందని రెండో పేజీలో ఉంది. కాబట్టి కూర్చోబెట్టో పడుకోబెట్టో వేయండి, వేశాక పావుగంట కనిపెట్టుకుని ఉండండి, సొమ్మసిల్లడం కన్నా పడేటప్పుడు తలకి దెబ్బ తగలడమే అసలు ప్రమాదం అని మూడో పేజీలో ఉంది. ఈ మూడు పేజీలూ మా ఆఫీసులో ఎవరూ చదవలేదు. నాలుగో పేజీలో ఒక అంకె ఉంది కాబట్టి దాన్ని గణాంకాధికారి చక్రపాణి గారు చదివారు.

అక్కడ ఉన్నది ఒకే ముక్క: నూటికి ఒకరో ఇద్దరో సొమ్మసిల్లవచ్చు. ఒకరో ఇద్దరో అంటే కచ్చితంగా ఎందరు అన్నది చక్రపాణి గారిని పట్టుకున్న ప్రశ్న. ఒకటీ రెండూ కూడి రెండుతో భాగిస్తే ఒకటిన్నర వచ్చింది. 'వచ్చు' అనే మాటని ఏ గడిలో పెట్టాలో తెలియక తీసేశారు. మర్నాటికల్లా జిల్లాలోని ప్రతి టీకా కేంద్రానికీ ఒక పట్టిక వెళ్ళింది. అందులో గడులు మూడు: సొమ్మసిల్లవలసినవారు, సొమ్మసిల్లినవారు, తేడా.

జిల్లాలో అందరూ తెలివైనవాళ్ళే. తేడా గడిలో సున్నా వచ్చేలా నింపి పంపారు. ఒక కేంద్రం వాళ్ళు రెండున్నర మంది సొమ్మసిల్లినట్టు రాశారు, వాళ్ళకి ప్రశంసాపత్రం ఇచ్చాం. మిగిలిపోయింది వేలంకిపాలెం ఉన్నత పాఠశాల ఒక్కటే. అక్కడ నాలుగువందల పన్నెండు మంది ఆడపిల్లలకి టీకా వేశారు. సొమ్మసిల్లవలసినవారు ఆరు పాయింట్ ఒకటి ఎనిమిది. సొమ్మసిల్లినవారు సున్నా.

"సున్నా ఎలా వస్తుంది?" అన్నారు వైకుంఠం గారు.

"వెయ్యకపోతే వస్తుంది సార్," అన్నారు చక్రపాణి గారు. "మందు పారబోసి రిజిస్టర్లో వేసినట్టు రాసుకుని ఉండాలి. మనుషులు అబద్ధం చెబుతారు గానీ సగటు చెప్పదు."

అలా నాచేత ఆ మెమో రాయించారు. అది వెళ్ళింది గెడ్డం సుగుణమణి అనే నర్సుకి. పద్నాలుగేళ్ళుగా ఒప్పందం మీద పనిచేస్తున్న మనిషి. ఆ నెలలోనే ఒప్పందం వాళ్ళని పర్మనెంటు చేసే జాబితా మా ఆఫీసులో తయారవుతోంది. ఆమె పేరు పదకొండోది. మెమో ఉన్నవాళ్ళ పేరు జాబితాలో ఉండకూడదన్నది నియమం. జాబితా టైపు చేసిందీ నేనే, మెమో రాసిందీ నేనే కనుక ఆ సంగతి నాకు అందరికన్నా ముందే తెలుసు. తెలిసి కూడా ఆ రోజు వాక్యం బాగా కుదిరిందని సంతోషించాను. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆమె జవాబు గీతల కాగితం మీద వచ్చింది. "అయ్యా, పిల్లలు అన్నం తినే వచ్చారు. అయినా పల్లీపట్టీ చేతికిచ్చాను. చాప మీద పడుకోబెట్టి వేశాను. వేసేటప్పుడు ఇంట్లో ఇవాళేం కూర అని అడిగాను, చెబుతుండగా అయిపోయింది. పావుగంట లేవనివ్వలేదు. పడిపోలేదు. ఇందులో నా తప్పేమిటో చెబితే దిద్దుకుంటాను."

వైకుంఠం గారు కాగితం బల్ల మీద పెట్టి కళ్ళజోడు తీశారు. "ఒప్పేసుకుంది. చాప, పల్లీపట్టీ, కూర. ఒక సహజ ప్రక్రియకు మూడు విధాల అడ్డుపడింది."

విచారణకి ఆరుగురం జీపులో బయలుదేరాం. డిప్యూటీ డైరెక్టరు గారు, చక్రపాణి గారు, నేను, ఇంకా శిక్షణాధికారి, ప్రచారాధికారి, వాహనాల పర్యవేక్షకుడు. వాహనాల పర్యవేక్షకుడు ఎందుకంటే జీపు ఆయనది.

ప్రధానోపాధ్యాయిని భ్రమరాంబ గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. ఆవిడ వెనకాల సుగుణమణి నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా, చేతిలో మందుపెట్టె. ఎవరూ కూర్చోమనలేదు కాబట్టి విచారణంతా అలాగే నిలబడింది.

"ప్రమాదావకాశము గల బాలికలను గుర్తించారా?" అని అడిగారు వైకుంఠం గారు.

"గుర్తించేమండి. ఇదిగోనండి లోవకుమారి, తొమ్మిదో తరగతి. పోయినేడు పంద్రాగస్టుకి జెండా దగ్గర దబ్బున పడిపోయిందండి," అంటూ భ్రమరాంబ గారు ఒక పొడుగుపాటి పిల్లని ముందుకి తోశారు.

వైకుంఠం గారి మొహంలో ఆశ కనిపించింది. "మరి టీకా రోజున ఎందుకు పడలేదమ్మా?"

"సిస్టర్ గారు పడుకోబెట్టేసేరండి. పడుకున్నాక ఇంకెక్కడికి పడతానండి?" అంది లోవకుమారి.

'బాలికకు పడుటకు అవకాశము కల్పించబడలేదు' అని చక్రపాణి గారు రాసుకున్నారు.

అప్పుడు భ్రమరాంబ గారు దగ్గరికి జరిగి, తమ వంతు తాము చేశామనీ, ఆరుగురు పిల్లల్ని సిద్ధంగా ఉంచామనీ చెప్పారు. వార్షికోత్సవం నాటికలో వేసిన పిల్లలట. ఆరుగురూ వరసగా నిలబడ్డారు. మొదటి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఆహా, నా శిరస్సు తిరుగుచున్నది" అని పడిపోయింది. మిగిలినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, గొంతు సవరించుకుని మరీ పడ్డారు. మా ప్రచారాధికారి చప్పట్లు కొట్టారు. చక్రపాణి గారు మాత్రం రక్తపోటు మిషను తీసి ఆరుగురి చేతులూ చూశారు.

"అందరికీ దివ్యంగా ఉంది. పైగా ఆ మూడో అమ్మాయి పడబోయే ముందు చున్నీ పరుచుకుంది."

"నిన్ననే ఉతికిన బట్టలండి," అంది మూడో అమ్మాయి, కళ్ళు మూసుకునే.

"ఇంకోపాలి పడమంటారాండి?" అని అడిగింది నాలుగో పిల్ల.

భ్రమరాంబ గారు చిన్నబుచ్చుకున్నారు. "పోనీ ఆ పాయింటు పద్దెనిమిదికైనా వీళ్ళని లెక్కేసుకోండి సార్. కొంచెం కళ్ళు తిరిగినట్టు రాస్తే సరిపోదాండి?"

"అది భిన్నాంకం. జిల్లా స్థాయిలో సర్దుబాటు చేస్తాం. పూర్ణాంకాలు మాత్రం మీరే ఇవ్వాలి," అన్నారు వైకుంఠం గారు. తర్వాత గొంతు పెంచి తీర్పు చెప్పారు. నాలుగువందల పన్నెండు మందికీ ఇంతవరకూ టీకా వెయ్యనట్టుగా పరిగణించబడును. శనివారంనాడు అందరికీ తిరిగి వేయవలెను. ఈసారి సహజ పరిస్థితులలో, అంటే ఏమీ తినకుండా, ఎండలో వరసలో నిలబెట్టి, మాట్లాడించకుండా, చాపలు లేకుండా. ఆరుగురు పడితే సుగుణమణి నిర్దోషి.

సుగుణమణి అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "ఒకసారి వేసిన పిల్లలకి మళ్ళీ నేను వెయ్యనండి."

"అంటే నేరం ఒప్పుకున్నట్టేనా?"

"మీరేమనుకున్నా సరేనండి. అవసరం లేని సూది వెయ్యను. ఆకలితో ఎండలో నిలబెట్టి అసలే వెయ్యను. పిల్ల పడి తల పగిలితే మీ పట్టికలో ఏ గడిలో రాసుకుంటారండి?"

చక్రపాణి గారు నిజంగానే పట్టికలో చూశారు. అలాంటి గడి లేదు.

"జాబితాలో నీ పేరు పదకొండోది," అన్నారు వైకుంఠం గారు మెల్లగా.

 ఆమె మందుపెట్టె పట్టీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "తీసెయ్యండి," అంది చివరికి. ఆ గొంతు నాకు రాత్రి పడుకునేదాకా వినిపిస్తూనే ఉంది. నా కూతురు కూడా తొమ్మిదో తరగతే.

శనివారం వేరే నర్సుని తీసుకెళదామంటే జిల్లాలో ఎవరూ రాలేదు. అందరికీ ఆ రోజే జ్వరాలు వచ్చాయి. నర్సు లేకపోయినా మేం ఆరుగురం మాత్రం పొద్దున్నే ఆరింటికి బయలుదేరాం. పరిస్థితులు సమానంగా ఉండాలని బృందంలో కూడా ఎవరూ ఏమీ తినకూడదని వైకుంఠం గారు లిఖితపూర్వకంగా ఆదేశించారు. దారిలో ఇడ్లీ బండి దగ్గర జీపు దానంతటదే నెమ్మదించింది గానీ ఆగలేదు.

బడి దగ్గర పిల్లలకన్నా తల్లులూ తండ్రులూ ఎక్కువమంది ఉన్నారు. లోవకుమారి తల్లి ముందుకొచ్చింది. "మా పిల్లకి ఓపాలి ఏసేరు కదండీ బాబూ. పడనేదని మళ్ళీ ఏత్తారా? పడితే గానీ మందు పనిసేయదాండి?"

"ఇది శాస్త్రీయ పునర్నిర్ధారణ అమ్మా. భయపడవలసినది లేదు," అన్నారు ప్రచారాధికారి.

"భయం లేకపోతే ముందు మీరేయించుకోండి," అన్నాడు వెనకనుంచి ఒకాయన. అందరూ అదే అన్నారు.

వైకుంఠం గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఫోటో కూడా బాగా వస్తుందని ప్రచారాధికారి ఆయన చెవిలో చెప్పారు. "తప్పకుండా. అధికారులు ఆదర్శప్రాయంగా నిలుస్తారు," అని ప్రకటించారు. మాలో ఎవరికీ ప్రమాదం లేదని ఆయన నమ్మకం. మార్గదర్శకాలలో పంతొమ్మిదేళ్ళ దాకానే ఉంది కదా, యాభై నాలుగేళ్ళ వాళ్ళకి సొమ్మసిల్లడానికి ఏ ఉత్తర్వూ లేదు.

బడి వరండాలోనే ఉన్న సుగుణమణిని పిలిచారు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. "మీకు వేసి చాలా ఏళ్ళయి ఉంటుందండి, వేయించుకుంటే మంచిదే. పడుకుంటారా సార్?"

"నిలబడే. సహజ పరిస్థితులు."

"పోనీ కూర్చోండి."

"నిలబడే అన్నాను కదా."

అయిదుగురం చొక్కా చేతులు మడిచి ఎండలో వరసగా నిలబడ్డాం. చక్రపాణి గారు వివరాలు నమోదు చెయ్యాలి కనుక ఆయనకి మాత్రం కుర్చీ వేశారు. ఆయన జేబులోంచి పల్లీపచ్చడి వాసన వస్తోంది. ఇంటినుంచి తెచ్చుకున్న ఇడ్లీ పొట్లాన్ని జీపులో వెనకసీటులో మాకెవరికీ తెలియకుండా ముగించారని అప్పుడు అర్థమయింది.

మొదట వైకుంఠం గారు. సూది వెళ్ళిందీ వచ్చిందీ తెలియలేదు. ఆమె చెయ్యి అంత నేర్పయినది. ఆయన పిల్లల వైపు తిరిగి, "చూశారా, ఇందులో" అన్నారు. ఏమిటో చెప్పలేదు. మొహం సున్నం రంగులోకి వచ్చింది, మోకాళ్ళు మడతపడ్డాయి. సుగుణమణి సూదిని పళ్ళెంలో పడేసి, నేలకి తగలకముందే ఆయన తలని రెండు చేతులతో పట్టేసుకుంది. అది చూసిన శిక్షణాధికారి, ఇంకా తన వంతు రాకుండానే, పక్కకి ఒరిగిపోయారు. మూడోవాణ్ణి నేను. సూది చూశాను, వైకుంఠం గారి చెప్పులు చూశాను, తర్వాత మామిడికొమ్మల మధ్య ఆకాశం చూశాను. నా తల కింద ఎవరిదో పుస్తకాల సంచీ ఉంది.

ఆ తర్వాతిది లోవకుమారి చెప్పగా విన్నది. ప్రచారాధికారి ఫోటో తీస్తూ పడ్డారట. వాహనాల పర్యవేక్షకుడు, నాకేమీ కాదు, నాకేమీ కాదు అంటూ జీపు దాకా నడిచి అక్కడ పడబోతే లోవకుమారి తండ్రి పట్టుకున్నాడట. సుగుణమణి ఎవరినీ కంగారు పడనివ్వలేదట. పిల్లలు గదిలోంచి చాపలు పట్టుకొచ్చారు, అయిదుగురినీ మామిడిచెట్టు నీడలోకి చేర్చి, కాళ్ళ కింద సంచులు పెట్టి ఎత్తి ఉంచారు. నాకు తెలివొచ్చేసరికి ఆరో తరగతి పిల్ల ఒకతి అట్టముక్కతో విసురుతోంది. పక్క చాప మీద వైకుంఠం గారి నోట్లో పల్లీపట్టీ ఉంది. లోవకుమారి ఆయన్ని, "ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండి?" అని అడుగుతోంది.

"కాకరకాయ," అన్నారు వైకుంఠం గారు పసిపిల్లాడి గొంతుతో.

"పులుసా, వేపుడాండి?"

"వేపుడే. నాకు పులుసు ఇష్టం. ఎవరూ అడగరు."

భ్రమరాంబ గారు వేళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. "అయిదు వచ్చాయండి. ఇంకొక్కటి ఉంటే సరిపోతుంది," అని కుర్చీలో ఉన్న చక్రపాణి గారి వైపు ఆశగా చూశారు. అక్కడున్న జనమంతా చూశారు. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో చక్రపాణి గారు పట్టిక తెరిచి, అయిదుగురి పేర్లూ రాసేస్తానన్నారు. అంకె అంకే కదా అన్నారు.

"ఏ అయిదుగురు?" అన్నారు వైకుంఠం గారు.

"మీతో కలిపి సార్."

"నేను సొమ్మసిల్లానని జిల్లా రికార్డులో ఉంటుందా? అది పైకి వెళుతుందా?" అంటూ ఆయన నా వైపు తిరిగారు. "వీరభద్రం, అక్కడ జరిగినది ఏమిటి?"

నా జీవితంలో నా చేతికి పని దొరికిన రోజు అది. "క్షేత్రస్థాయి పరిస్థితులను నేలమట్టం నుండి పరిశీలించారు సార్," అన్నాను.

"అందరూనా?"

"బృందంగా సార్. నూటికి ఎనభై మూడు శాతం బృందం. సొమ్మసిల్లినవారు సున్నా."

"బాగుంది. రాసెయ్."

"రాస్తాను సార్. కాకపోతే చిన్న సందేహం," అన్నాను.  నేను అంతకుముందెప్పుడూ ఆయన ముందు సందేహపడలేదు. "తినకుండా, ఎండలో, నిలబడి, ఆమె చేతి మీదుగా వేయించుకుంటే ఇవాళ సున్నా వచ్చింది కదా సార్. మరి తిని, నీడలో, పడుకుని వేయించుకున్న పిల్లలకి ఆ రోజు సున్నా రావడంలో అనుమానం ఉండకూడదు. ఉందంటే ఇవాళ్టి సున్నాని కూడా ఎవరైనా విచారిస్తారు."

 వైకుంఠం గారు వెంటనే చక్రపాణి గారి చేతిలో కలం పెట్టారు. వేలంకిపాలెంలో సున్నాయే సహజమని, అది ఆ ఊరి ప్రత్యేకతని ధ్రువీకరిస్తూ చక్రపాణి గారు సంతకం చేశారు.  సగటుని అలా అవమానించాల్సి వస్తుందని పాపం అనుకోలేదు.

మెమో రద్దయింది. జాబితాలో పదకొండో పేరు పదకొండోదిగానే ఉండిపోయింది. సుగుణమణి పర్మనెంటు ఉత్తర్వు నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె కాగితం చదువుకుని, మడిచి, మందుపెట్టెలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను.

అక్కడితో అయిపోతే మాది ఆఫీసే కాదు. నెల తిరక్కుండా వైకుంఠం గారి నుంచి కొత్త ఉత్తర్వు వెలువడింది. టీకా సమయమున చాప, పల్లీపట్టీ, కుశల సంభాషణ అత్యంత ప్రయోజనకరమని స్వానుభవము వలన గ్రహించినందున, ఇకపై ఆ మూడు సదుపాయములు గెజిటెడ్ హోదా, ఆపై హోదా గల వారికి విధిగా కల్పించవలెను. ఇతరులకు సహజ పరిస్థితులు వర్తించును. రిజిస్టర్లో హోదా అనే గడి కొత్తగా చేర్చవలెను. ఈ ఉత్తర్వు కూడా నేనే రాశాను. ఈసారి వాక్యం కుదరలేదు.

ఉత్తర్వు అమలవుతోందో లేదో చూసి రమ్మని నన్ను వేలంకిపాలెం పంపారు. కొత్తగా పదేళ్ళు నిండిన ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలకి ఆ రోజు టీకా. వెళ్ళేసరికి వరండా నిండా చాపలు పరిచి ఉన్నాయి. పిల్లలు పట్టీలు కొరుకుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను రిజిస్టర్ అడిగి తీసుకున్నాను. హోదా గడిలో వరసగా జిల్లా జడ్జి, చీఫ్ ఇంజనీరు, ఆరోగ్య కార్యదర్శి, పోలీసు సూపరింటెండెంటు అని రాసి ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"హోదా అండి," అంది సుగుణమణి. "ఎప్పటి హోదా అన్నది ఉత్తర్వులో లేదు కదండీ. పెద్దయ్యాక ఏమవుతారని ఒక్కొక్కరినీ అడిగి రాసేను."

"ఇక్కడ రవాణా కమిషనర్ అని ఉందే?"

"ఆ పిల్ల బస్సు డ్రైవరవుతానందండి. అది గెజిటెడ్ కాదు కదాని కొంచెం పైకి రాసేను."

ధ్రువీకరించిన అధికారి అనే గడి ఖాళీగా ఉంది. నేను జేబులోంచి కలం తీసి ముప్పై ఎనిమిది మందికీ సంతకాలు పెట్టాను. ఒక్క పేరు దగ్గర కూడా చెయ్యి ఆగలేదు.

చివర్లో ఒక బక్కపిల్ల మిగిలింది. పెదవులు తెల్లబడి, సూదిపెట్టె వైపే చూస్తోంది. సుగుణమణి లేచి చాప దులిపింది. "రండి కలెక్టరు గారూ, పడుకోండి. కలెక్టరయ్యాక మొదటిరోజు ఏం చేస్తారండి మీరు?"

పిల్ల పడుకుని ఆలోచించింది. దాని చూపు అటూ ఇటూ తిరిగి నా మీద ఆగింది.

"ఈ సారుకి సూది ఏయిత్తానండి," అంది. "నిలబెట్టి."

అప్పటికే దానికి సూది వెయ్యడం అయిపోయింది. నేను మాత్రం ఎందుకైనా మంచిదని పక్క చాప మీద కూర్చున్నాను.